కంచె చేను మేసిన వేళ



నేను పల్లెబడులలో పాఠములు చెప్పినవాఁడను, వైద్యుఁడను గాను. అయినను గ్రామమున పెద్దల మాటకుఁ గల విలువ నెఱిఁగినవాఁడ నగుటచే నీ విషయమును మీ ముందుంచుచున్నాను.

మన శ్రీకాకుళ విజయనగర మండలములలో కామెర్లకుఁ బసరు పోయించుకొని, కన్నుల పచ్చదనము తగ్గఁగనే రోగము పోయినదని తలఁచువారు గలరు. కాని కామెర్లన్నియు నొక్క తీరువి కావు. హెపటైటిస్-బి యను వైరసు కొందఱి కాలేయమున నేండ్ల తరబడి నివురుగప్పిన నిప్పువలె నడఁగియుండును. దీని జాడను 1965లో బ్లూంబెర్గు పండితుఁడు కనుఁగొని, 1976లో నోబెల్ బహుమానము నందెను. హెపటైటిస్-సి వైరసు 1989లో గుర్తింపఁబడెను.

రోగముల నెదుర్చు దేహశక్తి చేనికిఁ గంచె వంటిది. ఒక్కొక్కప్పు డీ వైరసులతోడి చిరకాలపు పోరున నా శక్తి దారితప్పి రక్తనాళములను, మూత్రపిండములను, నరములను, కీళ్లను బాధించును. కంచెయే చేను మేయుట యనఁగా నిదియే. అప్పుడు స్టెరాయిడ్ మొదలగు మందులతో నా శక్తి నణఁచవలసి రావచ్చును.

చిక్కంతయు నిచ్చటనే కలదు. కంచె నణఁచిన మేఁత యాఁగును గాని, లోనడఁగిన వైరసు విజృంభించును. పిమ్మట మందు మానఁగనే దేహశక్తి మరల లేచి, వైరసున్న కాలేయముపై నొక్కుమ్మడిగాఁ బడును. ప్రాణాపాయమైనను గలుగవచ్చును.

కావున నట్టి మందులకు ముందే రక్తపరీక్ష చేయింపవలెను. బి-వైరసున్నచో ఎంటెకావిర్ గాని టెనోఫోవిర్ గాని మొదలిడి, నిరోధశక్తి నణఁచు మందు మానిన పిదపఁ గూడఁ గనీస మాఱు మాసములు, కొన్ని మందులకు సంవత్సరమో యంతకు మించియో, వైద్యుఁడు చెప్పువఱకు వాడవలెను. సి-వైరసు పెక్కుమందికిఁ బండ్రెండు వారముల బిళ్లలతో సమూలముగాఁ బోవును. మూలము పోయిన తోడనే కంచె దుడుకును సాధారణముగాఁ దగ్గును. అవయవమునకుఁ జేటు ముంచుకొని వచ్చినప్పుడే శక్తి నణఁచు మందు లక్కఱపడును.

కీళ్లనొప్పులకని పేరెఱుఁగని బిళ్లలు మ్రింగువా రీ మాట మఱవరాదు. వానిలో స్టెరాయి డుండవచ్చును. చిరకాలముగా వాడుచున్నవారు తమంతటఁ దామే హఠాత్తుగా మానుటయు నపాయకరమే. వైద్యునకు దాఁచక చెప్పవలెను.

నివారణోపాయమును గలదు. 1997లో హైదరాబాదున వరప్రసాదరెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ హెపటైటిస్-బి టీకాను స్వదేశమున సిద్ధపఱచెను. పుట్టిన యిరువదినాలుగు గంటలలోనే శిశువునకు టీకా వేయింపవలెను. 2018లో నారంభమైన జాతీయ కార్యక్రమమున ప్రభుత్వ వైద్యశాలలందుఁ బరీక్షలును మందులును ఉచితముగా నిచ్చుచున్నారు.

పెద్దలారా, మీ యింట నెవరికైనఁ బెద్దమందు మొదలుపెట్టునప్పుడు, “అయ్యా, కామెర్ల వైరసు పరీక్ష చేసితిరా?” యని యొక్క ప్రశ్న యడుగుఁడు. ఆ యొక్క ప్రశ్న యొక ప్రాణమును నిలుపవచ్చును.