కరెంటు కుంపటి ఎవరికి గిట్టుబాటు?

గోడకు తగిలించిన పల్చటి తెల్ల పలక. మంట లేదు, ఫ్యాను లేదు, చప్పుడు లేదు. స్విచ్ వేసిన కొద్ది నిమిషాలకు ఎదురుగా కూర్చున్నవాళ్ల ఒంటికి వెచ్చగా సెగ తగులుతుంది. ఇదే ఇన్‌ఫ్రారెడ్ హీటింగ్ ప్యానెల్. చలిదేశాల ఇళ్లకోసం తయారైన ఈ సరుకు ఇప్పుడు మన దగ్గరా ఆన్‌లైన్‌లో దొరుకుతోంది. మరి ఒడిశాలోని గంజాం జిల్లా పొలసరలోనో, బరంపురంలోనో ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు దీనికి డబ్బు పెట్టడంలో అర్థముందా?

ముందు ఇది పనిచేసే తీరు చూద్దాం. 1800లో విలియం హెర్షెల్ సూర్యకాంతిని పట్టకంతో రంగులుగా విడగొట్టి, ఒక్కో రంగులో థర్మామీటరు ఉంచి చూశాడు. ఎరుపు దాటాక, కంటికి ఏమీ కనపడని చోట పాదరసం ఇంకా పైకెక్కింది. ఆ కనపడని కిరణాలే పరారుణాలు, అంటే ఇన్‌ఫ్రారెడ్. వేడిగా ఉన్న ప్రతి వస్తువూ వాటిని వెదజల్లుతుంది. బొగ్గుల కుంపటి ముందు కూర్చుంటే అరచేతులు కాలుతున్నట్టుంటాయి, వీపు మాత్రం చల్లగానే ఉంటుంది. గాలి వేడెక్కకముందే సెగ నేరుగా ఒంటిని చేరడమే అందుకు కారణం. ప్యానెల్ చేసేదీ అంతే. లోపలి తీగలో కరెంటు పారి పలక ముఖం 80 నుంచి 100 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. మధ్యలో బీరువా అడ్డం వస్తే దాని వెనక ఉన్నవాళ్లకు వెచ్చదనం అందదు.

కుంపటి కంటే ఇది మేలన్నది నిజమే. తలుపులు మూసిన గదిలో బొగ్గులు రాజేసుకుని పడుకుంటే కార్బన్ మోనాక్సైడ్ ప్రాణం తీస్తుంది. ప్యానెల్‌తో ఆ గండం లేదు.

అయితే ‘సగం కరెంటు ఆదా’ అనే ప్రకటనల దగ్గర కాస్త ఆగాలి. ఫ్యాన్ హీటరైనా, ఆయిల్ హీటరైనా, ప్యానెలైనా ఒక యూనిట్ కరెంటు తిని ఒక యూనిట్ వేడే ఇస్తుంది. ఆదా అంటూ ఉంటే అది వాడకంలోనే. మనిషి ఉన్న మూలకే సెగ పంపి, లేచి వెళ్లగానే ఆపేయగలిగితే గదంతా వేడిచేసే ఖర్చు తప్పుతుంది. రోజంతా ఇల్లంతా వెచ్చగా ఉంచాలంటే ఈ లాభం ఆవిరైపోతుంది. బ్రిటన్‌లో యూనిట్ కరెంటు, అదే వేడినిచ్చే గ్యాసు కంటే ఇంచుమించు నాలుగు రెట్లు ఖరీదు. అక్కడ స్థిరపడ్డ తెలుగు కుటుంబం గ్యాస్ బాయిలర్ తీసేసి ఇంటినిండా ప్యానెళ్లు పెట్టిస్తే బిల్లు చూసి గుండె గుభేలుమంటుంది. స్నానాల గదికో, ఇంట్లో ఆఫీసు పని చేసుకునే మూలకో అయితే సరిపోతుంది. హీట్ పంపు సంగతి వేరు. అది బయటి గాలిలోని వేడిని లోపలికి తోడుతుంది కాబట్టి ఒక యూనిట్ కరెంటుకు మూడు యూనిట్ల దాకా వేడి ఇవ్వగలదు. మన షాపుల్లో దొరికే ‘హాట్ అండ్ కోల్డ్’ ఏసీలో ఉన్నదీ ఆ పద్ధతే.

మన లెక్కకు వస్తే, 600 వాట్ల ప్యానెల్ రోజుకు ఐదు గంటలు వాడితే మూడు యూనిట్లు. యూనిట్ ఆరు రూపాయలనుకుంటే నెలకు 540 రూపాయలు. ఎగువన దారింగిబాడిలో, అల్లూరి జిల్లా లంబసింగిలో డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు గడ్డకట్టిస్తాయి. అలాంటిచోట ముసలివాళ్లున్న ఇంటికి, పర్యాటకులు దిగే గదికి ఇది దండగ కాదు. గంజాం మైదానంలో మాత్రం జనవరి రాత్రులు కూడా మామూలుగా దుప్పటితో, మహా అయితే రగ్గుతో గడిచిపోతాయి.

ఇక్కడి ఇళ్ల అసలు బాధ వేసవి. 1998 వడగాడ్పులకు ఒడిశాలో రెండు వేలమందికి పైగా చనిపోయారు. మే నెలలో రోజంతా ఎండ తాగిన శ్లాబు రాత్రి పదింటికి కూడా చల్లారదు. ఫ్యాను తిరుగుతున్నా పైనుంచి సెగ కొడుతూనే ఉంటుంది. గాలిని కదిలించగలదు గానీ పరారుణాన్ని ఆపడం ఫ్యాను వల్ల కాదు. పదడుగుల పొడవూ వెడల్పూ ఉన్న గదిలో శ్లాబు అడుగు 40 డిగ్రీలు, గోడలు 30 డిగ్రీలు ఉన్నాయనుకుందాం. గోడలంత చల్లగా ఉన్న శ్లాబుతో పోలిస్తే ఇది కిందికి పంపే అదనపు వేడి లెక్కకు 550 వాట్ల పైచిలుకే. అంటే కొనకుండానే నెత్తిమీద ఒక ప్యానెల్ ఉన్నట్టు లెక్క. దీనికి స్విచ్ కూడా ఉండదు.

దీన్ని ఆపడానికి తెలంగాణ 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది. ఎండను తిప్పికొట్టే పైకప్పులు 2028-29 నాటికి 300 చదరపు కిలోమీటర్ల మేర పరచాలన్నది లక్ష్యం. సూత్రం మన పాత సున్నమే. నల్లబడ్డ శ్లాబు ఎండలో ఎక్కువ భాగాన్ని పీల్చుకుంటుంది, కొత్తగా వేసిన తెల్లపూత అందులో ఎక్కువ భాగాన్ని వెనక్కి పంపేస్తుంది. దుమ్ము పట్టాక ఆ గుణం తగ్గుతుంది కాబట్టి ఏటా ఎండలు ముదరకముందే కడిగి మళ్లీ పూయించాలి.

అందుకని పొలసరలో ఇల్లు కట్టేవాళ్లు ప్యానెల్ డబ్బును డాబామీది పూతకు మళ్లిస్తే లాభం. చంటిబిడ్డకో, కీళ్లనొప్పుల పెద్దలకో ఆ నాలుగు చలివారాలు వెచ్చదనం తప్పదనుకుంటే ఐఎస్ఐ గుర్తున్న చిన్న హీటరు చాలు. కొండమీద ఉండేవాళ్లు ప్యానెలే కావాలనుకుంటే మంచానికి ఎదురుగా, పిల్లల చేతికి అందని ఎత్తులో, థర్మోస్టాట్ ఉన్నది చూసి బిగించుకోవాలి.