రాతిపొరల వయసు చెప్పే సూక్ష్మ గవ్వలు
గౌరీపట్నం క్వారీల్లో ఆరున్నర కోట్ల ఏళ్లనాటి ఆధారాలు

దేవరపల్లి: తూర్పుగోదావరి జిల్లా దేవరపల్లి మండలంలోని గౌరీపట్నం, దుద్దుకూరు ప్రాంతాల నల్లరాతి క్వారీలు భూగర్భ శాస్త్రవేత్తలకు చిరపరిచితం. పశ్చిమ భారతంలో పెల్లుబికిన లావా వెయ్యి కిలోమీటర్లకు పైగా ప్రవహించి ఇక్కడ గడ్డకట్టి నల్లరాయిగా మారిందని వారి అంచనా. క్వారీ గోడలో కింద ఒక లావా పొర, పైన మరొకటి కనిపిస్తాయి. ఆ రెండింటి నడుమ సముద్రపు గవ్వలతో కూడిన అవక్షేపపు పొర ఉంది. అసలు విశేషం అందులోనే ఉంది.

ఒకసారి అంతరించిన జీవజాతి మళ్లీ పుట్టదు. కనుక ఒక జాతి శిలాజం లభించిన పొర ఆ జాతి జీవించిన కాలానిదే అయి ఉండాలి. అయితే ప్రతి శిలాజమూ ఇందుకు పనికిరాదు. తీరానికే పరిమితమై, కోట్ల ఏళ్లు పెద్ద మార్పు లేకుండా బతికిన ఆల్చిప్పలతో కాలం కచ్చితంగా తేలదు. సముద్రమంతటా తేలియాడుతూ, స్వల్పకాలంలోనే అంతరించిన జీవులు కావాలి. ఇసుక రేణువంత ఉండే ఫొరామినిఫెరా అలాంటివే. ఇటలీలోని గుబ్బియో పట్టణం పాత పేరు మీదుగా ‘యుగుబినా’ అని పిలిచే జాతి, డైనోసార్లు అంతరించిన వెంటనే పుట్టి కొద్ది లక్షల ఏళ్లలోనే కనుమరుగైంది. భూమి వయసుతో పోలిస్తే అది రెప్పపాటు.

ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త గెర్టా కెల్లర్ బృందం ఈ క్వారీల మధ్యపొరలో ఆ కాలపు ఫొరామినిఫెరాను గుర్తించి 2008లో వెల్లడించింది. కింది లావా దానికంటే ముందుది, పైది తర్వాతిదని దీంతో స్పష్టమైంది. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారా జిల్లా ఝిల్‌మిలీలోనూ అదే కాలపు జాతులు దొరకడంతో, ఎంతో దూరాన ఉన్న ఆ రెండు పొరలూ సమకాలీనమని తేలింది.

డైనోసార్ల అంతానికి లావా కారణమా, మెక్సికో వద్ద పడిన గ్రహశకలం కారణమా అన్న వివాదంలో ఈ పొర కీలక సాక్షి. 2019లో రెండు బృందాలు వేర్వేరు పద్ధతుల్లో లావాల వయసు లెక్కగట్టినా, ఉద్గారాల ఉద్ధృతి ఎప్పుడన్న విషయంలో ఏకాభిప్రాయం కుదరలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పాత పొరల నుంచి కోసుకొచ్చిన గవ్వలు కొత్త పొరలో చేరి తప్పుదారి పట్టించవచ్చు. అందుకే నమూనాలను గోడ నుంచే, కింది నుంచి పైకి వరుస క్రమంలో సేకరిస్తారు. కంకరకు పనికిరాని ఈ మధ్యపొరను తవ్వి పక్కన పోస్తే, ఆ గుట్టలో గవ్వలు మిగిలినా, ఏ గవ్వ ఏ ఎత్తులో ఉండేదో చెప్పడం సాధ్యం కాదు.