లండన్ వీధుల్లో పరదేశులు

1517లో ఈస్టర్ వారం. లండన్‌లో బెల్ అనే మతబోధకుడు జనం ముందు నిలబడి, పరదేశులు మన కడుపు కొడుతున్నారని ప్రసంగించాడు. ఆయన్ను అందుకు పురికొల్పింది జాన్ లింకన్ అనే దళారి. రెండు వారాలు తిరిగేసరికి, ఏప్రిల్ 30 రాత్రి, పని నేర్చుకునే కుర్రాళ్లు గుంపులుగా రోడ్డెక్కారు. విదేశీ చేతిపనివాళ్లు ఎక్కువగా ఉండే సెయింట్ మార్టిన్స్ పేట దగ్గర నగర అధికారి థామస్ మోర్ వాళ్లకు నచ్చజెప్పబోయాడు. అంతలో ఇళ్లలోంచి రాళ్లు, వేడినీళ్లు పడ్డాయి. ఇక గుంపు ఆగలేదు. తలుపులు విరగ్గొట్టి, చేతికందిన సామానంతా వీధిలో పారేసింది.

లింకన్‌తో సహా పదిమందికి పైగా మరణశిక్ష పడింది. మెడలో ఉరితాళ్లతో నిలబెట్టిన దాదాపు 400 మందిని రాజు ఎనిమిదో హెన్రీ క్షమించి వదిలేశాడు. వాళ్ల తరఫున వేడుకున్న రాణి కేథరిన్ కూడా స్పెయిన్ నుంచి వచ్చినామే.

ఈ కోపానికి మూలం బతుకుతెరువే. రాజు ఇచ్చిన ప్రత్యేక అనుమతులతో లాభపడింది ఇటలీ వగైరా దేశాల పెద్ద వర్తకులు. వాళ్ల జోలికి వెళ్లడం కష్టం. అందుకే దెబ్బ పక్కవీధి చెప్పులు కుట్టేవాడి మీద పడింది. నాకు ఇందులో అన్నిటికంటే బాధగా అనిపించేది ఇదే. పైగా ఆ విదేశీయులు కొన్ని పన్నులు స్థానికులకు రెట్టింపు కట్టేవారు.

ఇంగ్లండ్‌లోనే ఉన్న నారిచ్ నగరం కథ వేరు. నేతపని దెబ్బతిన్న ఆ ఊరు 1565లో తానే పిలిచి, మతహింస నుంచి పారిపోయి వచ్చిన డచ్, వాలూన్ నేతగాళ్లలో 30 కుటుంబాలకు చోటిచ్చింది. పదిహేనేళ్లు గడిచేసరికి ఊరి జనాభాలో మూడోవంతు దాకా వాళ్లే. కొత్తరకం బట్టలతో మగ్గాలు మళ్లీ ఆడాయి. అయినా 1570లోనే వాళ్లను తరిమేయాలని కుట్ర జరిగింది, కుట్రదారుల్లో కొందరిని ఉరితీశారు.

నల్లజాతివారి స్థితి ఇంకా చిత్రమైనది. జాన్ బ్లాంక్ అనే ఆఫ్రికన్ రాజాస్థానంలో బాకా ఊదేవాడు. రోజుకు 8 పెన్నీల జీతం చాలదని అర్జీ పెట్టి, దాన్ని రెట్టింపు చేయించుకున్నాడు. అదే ఇంగ్లండ్‌లో 1596లో ఎలిజబెత్ రాణి పేరిట, నల్లవాళ్లను దేశం దాటించడానికి కాస్పర్ వాన్ సెండెన్ అనే వర్తకుడికి అనుమతి పత్రం వెలువడింది. స్పెయిన్, పోర్చుగల్ చెరలోంచి ఆంగ్లేయుల్ని విడిపించినందుకు అతనికి ముట్టే ప్రతిఫలం అది, మనుషుల రూపంలో. యజమానులు మాత్రం తమ దగ్గర పనిచేసేవాళ్లను అప్పగించడానికి ఒప్పుకోలేదు. తర్వాతి దశాబ్దాల్లోనూ లండన్ చర్చిల రిజిస్టర్లలో ఆఫ్రికన్ల జ్ఞానస్నానాలు, పెళ్లిళ్లు నమోదవుతూనే ఉన్నాయి.