సాలవృక్షము - దాని నివాసభూమి

రైతు ధాన్యాన్ని బాగా ఎండబెట్టి, గాదెలోనో కుండలోనో పోసి, మరుసటి తొలకరి దాకా దాచుకుంటాడు. విత్తనమంటే దాచుకోదగినదని మన అందరి భావన. టేకు విత్తనం కూడా అట్టిదే. గట్టి పెంకు చాటున అది సంవత్సరాల తరబడి మొలకెత్తే శక్తిని నిలుపుకొంటుంది. కాని మనదేశంలో టేకుతో సరితూగగల మరొక గట్టి కలప చెట్టుకు ఈ సౌకర్యం లేదు. దాని విత్తనం రాలిన తరువాత ప్రాణంతో ఉండేది ఇంచుమించు వారం రోజులు మాత్రమే. అదే సాలవృక్షం. ఈ చెట్టు ఎక్కడ పెరుగుతుంది, ఎక్కడ పెరగదు, నరికిన అడవి మళ్ళీ ఎట్లా వస్తుంది అనే ప్రశ్నలకు జవాబు చాలావరకు ఈ వారం రోజులలోనే ఉన్నది.

సాలవృక్షాన్ని తెలుగులో గుగ్గిలం చెట్టు అంటారు. దాని మానునుంచి కారే జిగురే ఎండి, ధూపం వేసే గుగ్గిలం అవుతుంది. లుంబినిలో బుద్ధుడు పుట్టినదీ, కుశీనగరంలో ఆయన నిర్యాణం పొందినదీ సాలవృక్షాల నీడనే అని బౌద్ధుల సంప్రదాయం. శాస్త్రజ్ఞులు దీనిని షోరియా రోబస్టా అని పిలుస్తారు. ఈ పేరు పెట్టిన విలియం రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షోద్యానానికి అధిపతి కాకముందు గోదావరి ప్రాంతపు సామర్లకోటలో ఉండి తెలుగుదేశపు మొక్కలను పరిశీలించినవాడు. 1793 నుంచి 1798 వరకు గవర్నర్ జనరల్‌గా ఉన్న జాన్ షోర్ పేరు మీదుగా ‘షోరియా’ అనే మాట ఏర్పడింది. శేషాచలం కొండలలో కనిపించే జాలారి చెట్లు దీనికి దగ్గరి బంధువులు.

సాలవనాలు రెండు పెద్ద పట్టీలుగా వ్యాపించి ఉన్నవి. మొదటిది హిమాలయాల పాదాల వెంబడి, నేపాల్ తరాయి మీదుగా అస్సాం వరకు సాగుతుంది. రెండవది జార్ఖండ్, ఒడిశా, ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్ తూర్పు భాగాలలో ఉన్నది. నడుమ గంగామైదానం. ఒడిశా వైపునుంచి వచ్చే రెండవ పట్టీ అంచు ఉత్తరాంధ్ర కొండలను తాకి అక్కడితో ఆగిపోతుంది. దక్షిణానికీ పడమరకూ పోయినకొద్దీ టేకు అడవులు ప్రధానమవుతాయి. మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీకి చేరువనున్న బోరీ అడవులలో సాలము, టేకు రెండూ ఎదురుపడతాయి.

ఈ సరిహద్దు అకారణంగా ఏర్పడినది కాదు. సాలవృక్షానికి సాధారణంగా ఏటా 1000 మిల్లీమీటర్లకు మించిన వర్షం కావాలి. నేల లోతుగా, తేమగా ఉండాలి. కాని నీరు నిలవరాదు. సున్నం పాలు ఎక్కువగా ఉన్న నేలలు దానికి అంతగా సరిపడవు. అన్నిటికంటె ముఖ్యం, వాన వేళకు రావాలి.

ఎందుకో చూద్దాం. వసంతకాలంలో కొత్త ఆకులతోపాటు లేత పసుపు రంగు పూలు గుత్తులుగా విరబూస్తాయి. ఛోటానాగపూర్ ఆదివాసులు ఈ పూలతోనే సర్హుల్ పండుగ జరుపుకుంటారు. పూవు రాలినా దాని రక్షకపత్రాలు రాలవు. అవే పొడవుగా పెరిగి కాయకు అయిదు రెక్కలవుతాయి. మన రోహిణి కార్తె ఎండలలో కాయలు పండుతాయి. వానకు ముందు వీచే ఈదురుగాలులకు అవి గిరగిర తిరుగుతూ నేలకు దిగుతాయి. సరిగా ఆ రోజులలోనే వాన పడితే మొలక వస్తుంది. వాన పది పదిహేను రోజులు ఆలస్యమైతే ఆ ఏటి విత్తనంలో చాలా భాగం చచ్చిపోతుంది.

వరి, చింత వంటి విత్తనాలు పండేటప్పుడు తమలోని నీటిని వదులుకొని ఒక విధమైన నిద్రలోకి పోతాయి. తిరిగి నీరు తగిలినప్పుడు మేలుకొంటాయి. సాల విత్తనానికి ఆ నిద్ర లేదు. అది నీటితో నిండి, మొలకెత్తడానికి సిద్ధంగానే నేలకు రాలుతుంది. ఆ నీరు ఆరిపోతే లోపలి పిండం నశిస్తుంది. ఎండబెట్టకుండా చల్లని చోట దాచుదామన్నా, అతిచల్లదనం కూడా దానికి హానికరమే.

పాఠశాలలో సాల విత్తనాలు దొరకకపోయినా ఈ భేదాన్ని చూడవచ్చును. పనస గింజ కూడా ఈ జాతి విత్తనమే. అప్పుడే కోసిన పండునుంచి ఇరవై గింజలు తీసి, పదింటిని వెంటనే పాతాలి. మిగిలిన పదింటిని నెలరోజులు ఎండబెట్టి పాతాలి. అట్లాగే చింతపిక్కలతోనూ చేయాలి. రెండింటిలోనూ ఎన్నెన్ని మొలిచినవో విద్యార్థులు లెక్కించి పట్టిక వ్రాస్తే విషయం స్పష్టమవుతుంది.

విత్తనానికి ఓపిక లేకపోయినా వేరుకు ఓపిక మెండు. సాల మొలక కొద్ది ఎత్తు పెరిగిన తరువాత ఎండకో, మంచుకో, అడవి నిప్పుకో పై కొమ్మ తరచు చచ్చిపోతుంది. చూచినవారికి మొక్క పోయినట్లే ఉంటుంది. కాని నేలలోపల వేరు బ్రతికే ఉండి, తొలకరికి కొత్త చిగురు పెడుతుంది. ఇట్లా ఏటేటా పైకి చస్తూ, లోపల లావెక్కుతూ అనేక సంవత్సరాలు గడుపుతుంది. వేరు బలిసి, పైనుంచి వెలుతురు అందినప్పుడు ఒక్కసారిగా నిటారుగా ఎదుగుతుంది. ఈ వేళ్ళ కొసలను కొన్ని శిలీంధ్రాలు చుట్టుకొని ఉంటాయి. అవి నేలనుంచి నీటినీ లవణాలనూ వేరుకు అందిస్తాయి. చెట్టు వాటికి చక్కెరనిస్తుంది. తొలకరి తరువాత బస్తర్ సంతలలో అమ్మే ‘బోడా’ అనే పుట్టగొడుగు ఇట్టి సహజీవనానికి ఫలమే. కాబట్టి సాలమంటే మాను ఒక్కటే కాదు. ఆ నేలా, నేలలోని ప్రాణులూ కూడా.

సాలము చేవ మిక్కిలి గట్టిది. చెద దానికి సులభంగా లొంగదు. అందువల్ల రైలుమార్గాలు వేసిన కాలంలో పట్టాల క్రింద స్లీపర్లకోసం ఈ అడవులను విస్తారంగా నరికారు. నరికినచోట ఏమి నాటాలి? సాల విత్తనం నిలవ ఉండదు, మొక్క నెమ్మదిగా పెరుగుతుంది. టేకు విత్తనాన్ని సంచులలో పోసి ఎక్కడికైనా తీసుకొనిపోవచ్చు. దాని కలపకు మంచి ధర ఉన్నది. ఈ లెక్కతో కొన్నిచోట్ల సాలవనాల స్థానంలో టేకు తోటలు వెలిశాయి. ఇప్పటి జార్ఖండ్‌లోని సింగ్‌భూమ్‌లో 1970 దశకం చివర ఆదివాసులు దీనిని గట్టిగా ఎదిరించారు. సాలవనం వారికి విస్తరాకులనూ, గుగ్గిలాన్నీ, నూనెగింజనూ ఇస్తుంది; టేకు తోట వాటిలో దేనినీ ఇవ్వదు.

ఆ నూనెగింజలోనే మరొక చిక్కు ఉన్నది. సాల గింజ కొవ్వు చాకొలెట్ తయారీలో కోకో కొవ్వుకు బదులుగా పనికివస్తుంది. గింజలు ఏరడం అడవి ప్రజలకు ఆదాయం. అయితే మొలకెత్తవలసిన రోజులూ, ఏరే రోజులూ ఒకటే. గింజ ఒక్కటీ వదలక ఏరితే రేపటి మొక్కకు చోటుండదు. ఏరవద్దంటే పేదవారి పొట్ట కొట్టినట్లవుతుంది. అందువల్ల ఏటా కొంత భాగాన్ని వంతులవారీగా వదలిపెట్టడం మేలు.

అటువంటి ఏర్పాటు సాధ్యమని పశ్చిమ బెంగాల్‌లోని అరాబారీ చూపింది. అప్పటి మేదినీపూర్ జిల్లాలోని ఆ సాలవనం వంటచెరకుకోసం మాటిమాటికి నరకబడి పొదలపాలయింది. 1972లో అటవీ అధికారులు చుట్టుపట్ల గ్రామాలవారితో ఒడంబడిక చేసుకున్నారు. గ్రామస్థులు అడవిని కాపాడాలి. అందుకు వారికి పనీ, రాబడిలో వాటా లభిస్తాయి. నరకడం ఆగేసరికి మోళ్ళనుంచి పిలకలు లేచి, కొన్నేళ్ళలో మళ్ళీ అడవి నిలిచింది. అక్కడ ఎవరూ కొత్తగా సాలవనాన్ని నాటలేదు. నేలలో ఉన్న వేళ్ళే దానిని తెచ్చినవి. ఆంధ్రప్రదేశ్‌లో 1992 నుంచి ఏర్పడిన వన సంరక్షణ సమితుల వెనుక కూడా ఇదే ఆలోచన ఉన్నది.

వరిని గాదెలో దాచవచ్చు, టేకును సంచిలో దాచవచ్చు. సాలవృక్షాన్ని దాచడానికి దాని అడవి తప్ప వేరే గాదె లేదు.