మలుపులో మన సగం

ఘాట్ రోడ్డులో గాలికొండ దాటి అనంతగిరి వైపు దిగేటప్పుడు పాత సెడాన్ గుట్టు బయటపడుతుంది. విశాఖ బీచ్ రోడ్డులో మెత్తగా నడిచిన బండే ఇక్కడ మలుపు మలుపుకీ పక్కకి ఒరుగుతుంది. స్టీరింగ్ తిప్పిన క్షణానికిగాని మాట వినదు. ఈలోగా ముందు భాగం రోడ్డు మధ్య గీత దాటి అవతలి సగంలోకి పోతుంది. అక్కడ ఎవరుంటారో ఈ దారి ఎరిగినవాళ్లకి తెలుసు: జనంతో కిక్కిరిసిన జీపు, మందగా వచ్చే పశువులు, సంత చేసుకుని నెత్తిన మూటలతో ఊళ్లకి నడిచి వెళ్లే ఆడవాళ్లు. మంచి హ్యాండ్లింగ్ అని నేననేది ఒక్కదాన్నే. మలుపు మొదలు నుంచి చివరిదాకా బండి మన సగంలోనే ఉండాలి.

మారుతి ఎస్టీమ్‌నే తీసుకుందాం. 1994లో వచ్చి 2007లో ఆగిపోయిన కారు. తేలికైన ఒళ్లు, నాలుగు చక్రాలకీ విడివిడి సస్పెన్షన్. వెనక కమాన్ పట్టీల మీద ఊగే అంబాసిడర్ పక్కన అదో కొత్త లోకం. ర్యాలీల్లోనూ చాలామంది దాన్నే నడిపారు. అలాంటి కారు ఇప్పుడు ఘాట్‌లో తడబడితే తప్పు డిజైన్‌ది కాదు, వయసుది.

అందుకే ఖర్చు రబ్బరు దగ్గర మొదలుపెట్టమంటాను. బండి తిరగకుండా షెడ్డులో ఉన్నా సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు బుష్‌లు గట్టిపడి పగుళ్లిస్తాయి. జాకీ మీద లేపి లోయర్ ఆర్మ్ కింద గడ్డపార పెట్టి ఎత్తి చూస్తే, కదలకూడని చోట ఆర్మ్ ముందుకీ వెనక్కీ జరుగుతుంది. బ్రేకు నొక్కినప్పుడు బండి ఒక పక్కకి గుంజేది చాలాసార్లు ఇందుకే. కొత్త బుష్ వేశాక బోల్టు చివరి బిగింపు మాత్రం బండి బరువంతా చక్రాల మీదికి వచ్చాకే. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, కిందికి దించగానే రబ్బరు మెలిపడి అలాగే ఉండిపోతుంది, కొన్నాళ్లకే చిరుగుతుంది. దగ్గరుండి చేయించుకోవలసిన పని ఇది.

తర్వాత షాక్ అబ్జార్బర్లు. మలుపులో బండి ఎంత ఒరగాలో స్ప్రింగులూ స్టెబిలైజర్ బారూ తేలుస్తాయి, ఎంత త్వరగా ఒరగాలో షాక్స్ తేలుస్తాయి. ఎడమా కుడీ వెంటవెంటనే వచ్చే మలుపుల్లో రెండోదే ముఖ్యం. లోపలి ఆయిల్ సన్నటి రంధ్రాల గుండా దూరుతూ ఊపుని వేడిగా మారుస్తుంది. ఎడతెగని గతుకుల్లో ఆ ఆయిల్ నురగ కడితే షాక్ చచ్చుబడుతుంది. నైట్రోజన్ నింపిన గ్యాస్ షాక్స్‌లో ఆ బెడద తక్కువ. జతగా మార్చాలి, పైనున్న మౌంట్లతో సహా.

కుర్రకారుకి ఇష్టమైన పని బండిని కిందికి దించడం. ఈ దారికి నేను ససేమిరా వద్దంటాను. స్ట్రట్ సస్పెన్షన్‌లో బండిని బాగా దించితే లోయర్ ఆర్మ్‌లు బయటి వైపు పైకి వాలిపోతాయి. దాంతో బరువు కేంద్రం దిగినదానికంటే రోల్ సెంటర్, అంటే బండి ఒరిగేటప్పుడు ఇరుసులా ఉండే బిందువు, ఇంకా ఎక్కువ దిగుతుంది. స్ప్రింగు ఆ మేరకు గట్టిపడకపోతే ఒరుగు పెరుగుతుంది. పైగా గుంతలో పడ్డప్పుడు సస్పెన్షన్ అడుగంటా తగిలి, మలుపు మధ్యలో టైరు పట్టు వదిలేస్తుంది.

స్టెబిలైజర్ బార్ మందం పెంచడం అంతకంటే తెలివైన మార్గం, కాకపోతే కొద్దిగానే. కడ్డీ గట్టితనం మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 20 మిల్లీమీటర్ల కడ్డీ బదులు 22 వేస్తే గట్టితనం సుమారు 46 శాతం ఎక్కువ. వెనక ఒక్కచోటే బాగా పెంచితే పొడి రోడ్డు మీద బండి చురుగ్గా తిరుగుతుంది. శ్రావణంలో, పొగమంచులో, తడి రోడ్డు మీద దిగుతూ బ్రేకు తాకినప్పుడు మాత్రం వెనక భాగం జారి ముందుకు రావచ్చు. లోయ పక్కన ఆ చురుకు నాకొద్దు.

ఏది మార్చినా కంపెనీ ఇచ్చిన స్వరూపం దాటకపోవడం మేలు. తయారీదారు ఇచ్చిన స్వరూపాన్ని మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. 15 ఏళ్లు దాటిన కారుకి రిజిస్ట్రేషన్ పొడిగించేటప్పుడు ఎలాగూ తనిఖీ ఉంటుంది.

పనంతా అయ్యాక వీల్ అలైన్‌మెంట్ చేయించండి. డబ్బు మిగిలితే టైర్ల మీద పెట్టండి. అరుగుదల కనిపించకపోయినా ఏళ్లు పైబడిన రబ్బరు వానలో పట్టివ్వదు. ఆ తర్వాత ఇదే దారిలో కాశీపట్నం దాకా రెండో గేరులో, ఇంజన్ పట్టు మీద దిగి చూడండి. ప్రతి మలుపులోనూ కుడి చక్రం మధ్య గీతకి ఇవతలే ఉందంటే పని కుదిరినట్టే.