ఫ్యాక్టరీ వ్యర్థం ఎటు పోతోంది? లెక్క అడుగుదాం!

నీటికి వాసన లేదు. రంగూ మారలేదు. కాబట్టి మంచిదేననుకుంటాం. పరిశ్రమల వ్యర్థాల విషయంలో ఈ ధీమా పనికిరాదు. ఏ కంపెనీ ఎంత వ్యర్థం పుట్టిస్తోంది, దాన్ని ఎక్కడికి పంపుతోంది అనేది మన ఇంటిల్లిపాది ఆరోగ్యానికి సంబంధించిన విషయం. ఆ లెక్క చెప్పాల్సిన బాధ్యత కంపెనీది. అడిగే హక్కు మనది.

కోనసీమ చివరన సఖినేటిపల్లి మండలం అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి సముద్రంలో కలుస్తుంది. లక్ష్మీనరసింహస్వామి కల్యాణానికి వచ్చిన భక్తులు ఆ సాగర సంగమంలోనే స్నానం చేస్తారు. అక్కడికి చేరే నీటి దారిని వెనక్కి వెతుక్కుంటూ వెళ్తే చాలా దూరమే పోతాం. హైదరాబాద్ శివార్లలోని పటాన్‌చెరు పారిశ్రామికవాడ మీదుగా వచ్చే నక్కవాగు మంజీరలో కలుస్తుంది. మంజీర నిజామాబాద్ జిల్లా కందకుర్తి వద్ద గోదావరిలో చేరుతుంది. నడుమ ఎన్నో జలాశయాలున్నాయి కనుక అక్కడి రసాయనాలన్నీ ఇక్కడి వరకూ వస్తాయని చెప్పలేం. కానీ నది ఒక్కటే. ఎగువన పారబోసేవాళ్లు దిగువన తాగేవాళ్లను, స్నానం చేసేవాళ్లను, చేపలు పట్టేవాళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

పటాన్‌చెరు చెప్పిన పాఠం

పటాన్‌చెరులో సుమారు 90 ఔషధ కంపెనీల వ్యర్థజలాన్ని శుద్ధి చేసే ఉమ్మడి ప్లాంటు ఉండేది. అక్కడ శుద్ధి చేసి వదిలిన నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 31 మిల్లీగ్రాముల వరకూ ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ!

శుద్ధి చేశాక కూడా అంత మందు ఎలా మిగిలింది? మామూలు పరీక్షలు నీటిలో బీఓడీ, సీఓడీ, లవణాల వంటివి చూస్తాయి. యాంటీబయాటిక్ ఎంత ఉండాలన్న పరిమితి అప్పటికి మన నిబంధనల్లోనే లేదు. కాగితాల్లో అడగని దాన్ని ఎవరూ కొలవలేదు. ఇలాంటి నీటిలో పెరిగే బ్యాక్టీరియా క్రమంగా మందులకు లొంగకుండా తయారవుతుంది. రేపు మన పిల్లాడికి ఇన్‌ఫెక్షన్ వస్తే డాక్టరు రాసిన మందు పనిచేయకపోయే ముప్పు ఇక్కడే మొదలవుతుంది.

కంపెనీ చెప్పాల్సిన లెక్కలు

* పర్యావరణ నివేదిక (ఫారం-5): కాలుష్య నియంత్రణ మండలి అనుమతితో నడిచే పరిశ్రమలు ఏటా సెప్టెంబరు 30లోగా ఇవ్వాలి. నీరు, ముడిసరుకుల వాడకం, బయటికి వదిలిన కాలుష్యం, పరిమితి దాటితే దానికి కారణం, ప్రమాదకర వ్యర్థాల పరిమాణం ఇందులో ఉండాలి.
* వార్షిక రిటర్ను (ఫారం-4): ప్రమాదకర వ్యర్థాలు పుట్టించే యూనిట్లు జూన్ 30లోగా సమర్పించాలి. 2016 నిబంధనల ప్రకారం ఇలాంటి వ్యర్థాలను సాధారణంగా 90 రోజులకు మించి ఆవరణలో నిల్వ ఉంచకూడదు.
* రవాణా పత్రం (ఫారం-10): ప్రమాదకర వ్యర్థంతో లారీ కదిలితే ఏడు ప్రతుల పత్రం ఉండాలి. పంపినవారు, తీసుకెళ్లినవారు, అందుకున్నవారు, మండలి... అందరి దగ్గరా ప్రతి ఉంటుంది. దారిలో ఎక్కడో వాగులో గుమ్మరిస్తే లెక్క తేలిపోవాలన్నదే దీని ఉద్దేశం.
* గేటు ముందు బోర్డు: ప్రమాదకర రసాయనాలు, వ్యర్థాల వివరాలు ప్రధాన ద్వారం బయట కనిపించేలా పెట్టాలని 2003లో సుప్రీంకోర్టు ఆదేశించింది.
* పెద్ద కంపెనీలైతే: స్టాక్ మార్కెట్‌లో విలువపరంగా తొలి 1000 కంపెనీలు 2022-23 నుంచి వ్యర్థాల లెక్కలను తమ వార్షిక నివేదికలో చూపాలి. ఎంత పుట్టింది, ఎంత తిరిగి వాడారు, ఎంత కాల్చారు, ఎంత పూడ్చారు అన్నవి విడివిడిగా ఉంటాయి.

ఎలా చదవాలి?

అంకెలు చూసి బెదిరిపోనక్కర్లేదు. మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. ఒకటి, ఉత్పత్తి పెరిగినా వ్యర్థం తగ్గిందా? తగ్గితే కొత్తగా ఏం చేశారో చెప్పాలి. రెండు, శుద్ధి ప్లాంటు నుంచి వచ్చిన బురద ఎంత? నీటిని శుద్ధి చేస్తే అందులోని విషం మాయమైపోదు. చాలావరకూ బురదలోకి చేరుతుంది. రోజూ భారీగా నీటిని శుద్ధి చేస్తున్నామంటూ బురద దగ్గర సున్నా చూపిస్తే అనుమానించాల్సిందే. మూడు, ఆ వ్యర్థం ఎవరికి చేరింది? ఇచ్చినవాళ్ల లెక్క, పుచ్చుకున్నవాళ్ల లెక్క ఒకటే కావాలి.

ఈ పత్రాలు కంపెనీ వెబ్‌సైట్‌లో లేకపోతే సమాచార హక్కు చట్టం కింద రూ.10 రుసుముతో కాలుష్య నియంత్రణ మండలిని అడగొచ్చు. 30 రోజుల్లో జవాబివ్వాలి. కోనసీమలో రొయ్యల శుద్ధి యూనిట్లయినా, చమురు, సహజవాయువు కేంద్రాలయినా అడిగే పద్ధతి ఇదే.

ఇంట్లో జాగ్రత్తలు

* నీటిని మరిగిస్తే సూక్ష్మక్రిములు చస్తాయి. సీసం, క్రోమియం, నైట్రేట్ల వంటివి పోవు. పైగా నీరు ఆవిరైన కొద్దీ వాటి సాంద్రత పెరుగుతుంది.
* బోరు నీటి రుచి, రంగు మారితే తాగడం ఆపి ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. దగ్గర్లో ఏ పరిశ్రమ ఉందో చెబితే ఏ పరీక్షలు అవసరమో వాళ్లు నిర్ణయించగలుగుతారు.
* రసాయన డ్రమ్ములు చౌకగా దొరుకుతున్నాయని తాగునీటికి వాడొద్దు.
* సీసం పిల్లల మెదడు ఎదుగుదలను దెబ్బతీస్తుంది. గర్భిణులు, పసిపిల్లలున్న ఇళ్లలో నీటి విషయంలో మరింత జాగ్రత్త అవసరం.
* వీధిలో చాలామందికి ఒకేసారి దద్దుర్లు, కళ్ల మంటలు, వాంతులు మొదలైతే ఎవరికి వారు మాత్రలు మింగి ఊరుకోవద్దు. తేదీ, వాసన, లక్షణాలు రాసిపెట్టుకుని డాక్టరుకు చూపించండి. ఆ కాగితం కాపీనే ఫిర్యాదుకు జతచేయండి.

పదిమంది ఒకరి తర్వాత ఒకరు మాటల్లో చెప్పే కన్నా, పదిమంది సంతకాలు, తేదీలున్న ఒక్క కాగితానికి బలమెక్కువ. ఈ ఏడాది సెప్టెంబరు 30 దాటగానే మీ ఊరి దగ్గరి ఫ్యాక్టరీ ఫారం-5 ఇచ్చిందో లేదో ఓసారి అడిగి చూడండి.