ట్రైలరు ముందు బరువు ఎవరు మోయవలెను? – డాలీ ఉపయోగము

ఎద్దుబండి తోలినవారికి బరువు సరిచూచుకొనుట ఎవరును నేర్పనక్కరలేదు. బస్తాలు ముందుకు ఎక్కువైనచో కాడి ఎడ్ల మెడలపై నొక్కును. వెనుకకు ఎక్కువైనచో నొగ పైకి లేచి, కాడికి కట్టిన తాళ్లు ఎడ్ల గొంతులను బిగించును. అందుచేతనే బండివాడు నాలుగు బస్తాలు అటు ఇటు జరిపి, నొగను చేతితో ఎత్తి చూచి, కొంచెము ముందు బరువు ఉన్నదని రూఢి చేసుకొనిన పిమ్మటనే ఎడ్లను కట్టును. అదే రైతు ట్రాక్టరు కొనిన తరువాత ఈ సంగతి మరచుచున్నాడు. ఎద్దు మెడ విదిలించి తన బాధ చెప్పును. ట్రాక్టరు చెప్పదు.

ట్రాక్టరు వెనుక కట్టు ట్రైలరును మనవారు కొన్నిచోట్ల ట్రక్కు అనియు, కొన్నిచోట్ల ట్రాలీ అనియు పిలుచుచున్నారు. రెండు చక్రముల ట్రైలరులో బరువు కొంత దాని చక్రములపైనను, కొంత ట్రాక్టరు హుక్కుపైనను పడును. ఎంత పడునో లెక్కించుట కష్టము కాదు. హుక్కు నుండి ట్రైలరు ఇరుసు వరకు 3 మీటర్లు ఉన్నదనుకొనుడు. మొత్తము బరువు 3,000 కిలోలు. ఆ బరువు నడిమి స్థానము ఇరుసుకు 30 సెంటీమీటర్లు ముందున్నదనుకొనుడు. అప్పుడు హుక్కుపై పడునది 300 కిలోలు. బస్తాలను మరి 30 సెంటీమీటర్లు ముందుకు నెట్టినచో అది 600 కిలోలగును. ఇరుసుకు 15 సెంటీమీటర్లు వెనుకకు పోయినచో, హుక్కు నొక్కబడుటకు బదులు 150 కిలోల బలముతో పైకి లేపబడును.

ఈ 600 కిలోలు ట్రాక్టరును ఏమి చేయునో చూడుడు. హుక్కు వెనుక ఇరుసుకు 60 సెంటీమీటర్లు వెనుక నున్నది. ముందు, వెనుక ఇరుసుల నడుమ దూరము 190 సెంటీమీటర్లు. కనుక ముందు చక్రముల మీదినుండి సుమారు 190 కిలోలు తొలగిపోయి వెనుక చక్రములపై చేరును. చదును రోడ్డుపై దీనివలన స్టీరింగు తేలికగా తోచును, అంతే. గట్టు ఎక్కునప్పుడు సంగతి వేరు. ఒక కాలువ గట్టు మీదికి ధాన్యపు బస్తాల ట్రైలరును లాగుచున్న ట్రాక్టరు ముందు చక్రములు జానెడు ఎత్తు లేచుట నేను కన్నులార చూచితిని. డ్రైవరు వెంటనే క్లచ్చి త్రొక్కుటచే అవి తిరిగి నేలకు దిగినవి. ముందు బరువు ఎక్కువైన కొలది టైర్లకు పట్టు పెరుగునని తలచి ఆ యజమాని బస్తాలన్నియు ముందుకే పేర్పించెను. పట్టు పెరుగుట నిజమే. దానికొక హద్దు ఉండును. ఇట్టి ట్రైలరును డ్రాబారుకు గాక, వెనుక ఇరుసుకంటె ఎత్తైన చోట తగిలించుట ఇంకను అపాయకరము. ట్రాక్టరు వెనుకకు తిరగబడుటకు అది దగ్గరి దారి.

అమెరికా, కెనడా దేశముల ధాన్యపు రైతులకు ఈ చిక్కు మరియొక రూపములో వచ్చినది. అచ్చట రోడ్డు లారీల వెనుక కట్టు పెద్ద ట్రైలర్లకు ముందు చక్రములే ఉండవు. ముందు భాగము అడుగున రెండు అంగుళముల లావు గల ఉక్కు పిన్ను ఒకటి క్రిందికి దిగియుండును. అది లారీ వెనుక ఇరుసుపై నున్న గట్టి పళ్లెములో కూర్చుండి, దవడలవంటి తాళముతో బిగియును. ఈ పళ్లెమునకు ‘ఐదవ చక్రము’ అని పేరు. పూర్వము నాలుగు చక్రముల గుఱ్ఱపు బండ్లలో ముందు ఇరుసు తిరుగుటకై దానిపై అడ్డముగా ఒక వలయమును అమర్చెడివారు. ఆ పేరే నేటికిని నిలిచినది. 1914లో డెట్రాయిట్‌లో ఆగస్ట్ ఫ్రూహాఫ్ అను కమ్మరి, ఒక కలప వ్యాపారి పడవను మోటారుకారు వెనుక తీసికొనిపోవుటకు చేసిన బండియే ఈ తరహా ట్రైలర్లకు మొదలని చెప్పుదురు.

లారీలో ఈ పళ్లెము ఇరుసుపైననే ఉండుటచే ముందు చక్రములు తేలవు. ట్రాక్టరుకు మాత్రము అట్టి పళ్లెము లేదు, డ్రాబారు వెనుకకు పొడుచుకొని యుండును. ఆ ట్రైలరు ముందు బరువును డ్రాబారు మోయలేదు. దీనికి కనుగొనిన ఉపాయమే డాలీ. ఇది ఒక ఇరుసు, చక్రములు, ఇరుసుపై ఐదవ చక్రపు పళ్లెము, ముందుకు ఒక పొడుగు కడ్డీ గల చిన్న బండి. ట్రైలరు పిన్ను డాలీ పళ్లెములో కూర్చుండును. డాలీ కడ్డీ చివర నున్న కన్ను ట్రాక్టరు డ్రాబారుకు తగులును. ట్రైలరు మొత్తము 10 టన్నులై, అందులో అయిదవ వంతు పిన్నుపై పడినచో, ఆ 2 టన్నులను డాలీ చక్రములే మోయును. ట్రాక్టరు లాగవలెను, అంతియే. అయితే పళ్లెము సరిగా ఇరుసుపై ఉండవలెను. కడ్డీ 2 మీటర్లుండి పళ్లెము ఇరుసుకు 10 సెంటీమీటర్లు ముందుకు జరిగినచో, 100 కిలోలు మరల హుక్కుపైకి వచ్చును.

మన రోడ్లపై తిరుగు నాలుగు చక్రముల ట్రైలర్లు డాలీకి దగ్గరి చుట్టములే. వాని ముందు ఇరుసు పళ్లెముతో తిరుగును గాని ఊడిరాదు. డాలీ ఊడివచ్చును. ఒకే డాలీని ఈనాడు ఒక ట్రైలరుకు, రేపు మరియొక దానికి పెట్టవచ్చును.

డాలీ పెట్టిన పిమ్మట ట్రాక్టరుకు ఎంత బరువైనను కట్టవచ్చునని ఎవరైన అనినచో నమ్మరాదు. డాలీ మోయుటలో సాయపడునే గాని ఆపుటలో సాయపడదు. రెండు టన్నుల ట్రాక్టరు వెనుక పది టన్నుల ట్రైలరు దిగుడులో తోసికొని వచ్చునప్పుడు ట్రాక్టరు బ్రేకులు చాలవు. ట్రాక్టరు అడ్డముగా మడతపడి ట్రైలరు దానిపైకి ఎక్కును. కాబట్టి ట్రైలరుకును డాలీకిని సొంత బ్రేకులు ఉండి, అవి ట్రాక్టరు నుండి పనిచేయవలెను. ట్రాక్టరు ఎంత లాగవచ్చునో కంపెనీవారి పుస్తకములో వ్రాసియుండును, అది మించరాదు. రోడ్డుపై కుడి ఎడమ బ్రేకు పెడళ్లను కలిపి గొళ్లెము వేయవలెను. డీజిలు మిగులునని దిగుడులో న్యూట్రలు చేయువారు నేటికిని కలరు. ఆ మిగులు ఒక్క పల్లములో పోవును. ఎక్కుటకు ఏ గేరు కావలెనో దిగుటకును ఆ గేరే వేయుట మంచిది.

ఇంకొక నష్టము కలదు. హుక్కుపై బరువు లేనందున తడి నేలలో ట్రాక్టరు చక్రములు జారును. బురదలో రెండు చక్రముల ట్రైలరు వచ్చినట్లు డాలీ ట్రైలరు రాదు. వెనుకకు నడుపుట కూడ కష్టమే. రెండు చక్రముల ట్రైలరుకు మడత ఒకటే, డాలీ ఉన్నచో రెండు. ఆరితేరిన డ్రైవర్లకు కూడ దీనిని తిన్నగా వెనుకకు నడుపుట సులభము కాదు. లోనికి పోవునప్పుడే బయటికి వచ్చు దారి చూచుకొనవలెను.

తగిలించిన తరువాత క్రిందికి వంగి, దీపము వేసి, దవడలు పిన్నును చుట్టి మూసికొనినవో లేదో చూడవలెను. పళ్లెమునకును ట్రైలరునకును నడుమ సందు కనబడరాదు. ట్రైలరు బ్రేకు వేసి ట్రాక్టరును మెల్లగా ముందుకు లాగి పరీక్షింపవలెను. డ్రాబారు పిన్నుకు బదులు గునపపు ముక్క పెట్టుటయు, క్లిప్పుకు బదులు మేకు వంచుటయు నేను తరచు చూచుచున్నాను. పిన్ను ఎగిరిపడినను బండి విడిపోకుండ రెండు గొలుసులను కడ్డీ క్రింద ఒకదానిపై నొకటి అడ్డముగా కట్టవలెను.

మూడు టన్నుల ధాన్యమును మిల్లుకు చేర్చు మన రైతుకు డాలీ అక్కరలేదని నా అభిప్రాయము. అతనికి కావలసినది బరువు సర్దుట. ముందు బరువు మొత్తములో సుమారు పదవ వంతు ఉండి, కంపెనీవారు హుక్కుకు చెప్పిన హద్దు దాటకుండిన చాలును. దీనిని ఇంటివద్దనే తూచుకొనవచ్చును. చదును నేలపై సగము లోడుతో ట్రైలరు నిలిపి, చక్రములకు ముందు వెనుక రాళ్లు పెట్టవలెను. బస్తాలు తూచు కాటాపై, హుక్కు ఎత్తుకు సరిపడు మొద్దు నిలిపి, జాకీతో ట్రైలరు కన్నును మెల్లగా దానిపైకి దింపవలెను. ఆ సమయమున ట్రైలరు పైన గాని, కడ్డీ క్రింద గాని మనుష్యులు ఉండరాదు. కాటా చూపిన అంకెలో మొద్దు బరువు తీసివేసి, రెండింతలు చేసి, అందులోనుండి ఖాళీ ట్రైలరును ఇట్లే తూచినప్పుడు కన్నుపై పడు బరువును తీసివేసినచో పూర్తి లోడునకు లెక్క తేలును. మిగిలిన సగమును కూడ అదే వరుసలో పేర్చినప్పుడే ఈ లెక్క సరిపోవును. గడ్డి ఎత్తుగా వేసినచో ఇంకొంచెము ముందుకు సర్దవలెను. ఏలయనగా గట్టు ఎక్కునప్పుడు ఎత్తు బరువు ఇరుసుకు వెనుకకు వాలును.